ఎడమకు లాగే బండి

సంధులు, సమాసాలు, ఛందస్సు చెప్పుకుని ముప్పై నాలుగేళ్లు బతికినవాడికి రిమోటు ట్రక్కు స్టీరింగుతో పనేమిటని మిత్రులు నవ్వవచ్చు. మా ఆవిడ ఇప్పటికే నవ్వింది. మండువేసవిలో వరండాలో చాప పరుచుకుని, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, చిటికెన వేలంత లేని ఇనుప కడ్డీని కొలుస్తున్న నన్ను చూసి పాలు పోయడానికి వచ్చిన కుర్రవాడు కూడా నవ్వాడు. అయినా ఈ విషయంలో నాకొక గట్టి అభిప్రాయం ఏర్పడింది. రాయక తప్పదు.

ఆ అభిప్రాయం ఇది. బండి ఒక పక్కకు లాగుతున్నప్పుడు ట్రాన్స్‌మిటర్ మీద ఉండే ట్రిమ్ అనే నాబును తిప్పి సరిపెట్టడం మరమ్మతు కాదు, దోషాన్ని దాచడం. అలా దాచినందువల్ల నష్టపోయేది బండి ఒక్కటే కాదు, దాన్ని నడిపే పిల్లవాడు కూడా.

మా అమ్మాయి కొడుకు హైదరాబాదులో ఉంటాడు. పదేళ్లవాడు. ఏటా సెలవులకు గోదావరి డెల్టాలోని మా ఊరికి వస్తాడు. ఈసారి వస్తూ వాళ్ల బాబాయి విదేశం నుంచి తెచ్చిన ట్రక్కును ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. అసలు బండిలో పదోవంతు కొలతలతో చేసినది. వెనక చక్రాలు తోస్తాయి, ముందు చక్రాలు దారి చూపుతాయి. బజారులో తాళంచెవి తిప్పి వదిలే బొమ్మ కాదు. ప్రతి మర ఊడదీసి మళ్లీ బిగించుకోవడానికి వీలుగా చేసినది. నేను దానితో ప్రేమలో పడడానికి అదే కారణం.

రెండో రోజు సాయంత్రం ఇద్దరం కాలువ గట్టు మీదికి వెళ్లాం. ఏప్రిల్, మే నెలల్లో మా వైపు కాలువలు కట్టేస్తారని మీలో డెల్టావారికి తెలుసు. నీళ్లుండవు, అడుగున బురద ఉంటుంది. వీడు బండిని వదిలాడు. ఇరవై గజాలు బాగానే పోయింది. తరువాత కొంచెం వేగం పెంచాడో లేదో, ఎవరో పిలిచినట్టు ఎడమకు తిరిగి, గట్టు దిగి, బురదలో ముక్కు గుచ్చుకుని ఆగింది. నేను పంచె ఎగగట్టి దిగి తీసుకొచ్చాను. వాడు ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. "నాకు నడపడం రాదు తాతయ్యా. డాడీ కూడా అదే అన్నారు" అన్నాడు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకంటే ఆ ఇరవై గజాలూ నేను వాడి చేతినే చూస్తూ ఉన్నాను. వాడి వేళ్లు ట్రాన్స్‌మిటర్ మీది చిన్న చక్రాన్ని పొడుగునా కుడివైపుకే నొక్కి పట్టుకుని ఉన్నాయి. తిన్నగా పోవాలంటే కుడికి పట్టుకోవాలని వాడికి ఎవరూ చెప్పలేదు. బండే నేర్పింది.

ఇంటికి వచ్చి బ్యాటరీ తీసేసి, బురద తుడిచి, నీడలో ఆరబెట్టాను. తరువాత ట్రాన్స్‌మిటర్ చూశాను. ట్రిమ్ నాబు కుడివైపు చివరంటా తిప్పి ఉంది. ఇక తిరగడానికి చోటు లేదు. అప్పటికీ బండి ఎడమకే లాగుతోందన్నమాట.

మా అల్లుడికి ఫోను చేశాను. అల్లుడి పనితనాన్ని విమర్శించే మామ లోకంలో రాణించడు కాబట్టి చాలా మెత్తగా అడిగాను. "అవును మామయ్యగారూ, జనవరిలో గోడకు గుద్దాడు. స్టీరింగు ఊడింది. నేనే బిగించాను. తరువాత కొంచెం ఒక పక్కకు పోతుంటే ట్రిమ్ పెట్టాను. దానికోసమే కదండీ ట్రిమ్ ఇచ్చింది!" అన్నాడు. ఆదివారం ఒక గంట పిల్లవాడు ఆడుకోవడానికి ఇంతకన్నా ఏం చేయాలన్నది అతని వాదం. అది కొట్టిపారేయదగిన వాదం కాదు. వారానికి ఆరు రోజులు రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరే మనిషి అతను. నాకు సమయం ఉంది, అతనికి లేదు. అయినా నేను ఒప్పుకోలేకపోయాను.

ట్రిమ్ దేనికోసం ఇచ్చారో తెలియాలంటే స్టీరింగు ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్పుకోవాలి. బండి ముందు భాగంలో సర్వో అనే చిన్న పెట్టె ఉంటుంది, అగ్గిపెట్టె కంటే కొంచెం లావు. అందులో ఒక మోటారు, పళ్లచక్రాలు, తన ఇరుసు ఎంత తిరిగిందో తానే కొలుచుకునే పొటెన్షియోమీటరు ఉంటాయి. మనం చక్రాన్ని ముట్టుకోకుండా వదిలేస్తే రిసీవర్ దానికి 1.5 మిల్లీసెకండ్ల నిడివి గల విద్యుత్ పల్సును, మామూలుగా సెకనుకు 50 సార్లు పంపుతుంది. "నడుమ నిలబడు" అని దాని అర్థం. నిడివి 1 మిల్లీసెకండు వైపు తగ్గితే ఒక పక్కకు, 2 వైపు పెరిగితే రెండో పక్కకు తిరుగుతుంది. ట్రిమ్ చేసేదల్లా ఆ 1.5ను కొంచెం అటో ఇటో జరపడమే. అంటే, నడుమ ఎక్కడ ఉందో సర్వోకు అబద్ధం చెప్పడం. చిన్న అబద్ధమైతే ఫరవాలేదు. ధర్మరాజు కూడా ఒకటి చెప్పాడు. రథం నేలకు దిగిన సంగతి మాత్రం మరవకూడదు.

సర్వో ఇరుసుకు ఒక చేయి తగిలిస్తారు. ఇంగ్లీషులో హార్న్ అంటారు. మోగేది కాదు, కొమ్ములా పొడుచుకు వచ్చినది కాబట్టి ఆ పేరు. నేను కొమ్ము అనే అంటాను. కొమ్ము నుంచి ఒక కడ్డీ, అక్కడి నుంచి బెల్‌క్రాంకులు, వాటి నుంచి కుడి ఎడమ చక్రాలకు చెరొక టై రాడ్డు. ఇంతే సంసారం.

ఇరుసు మీద కొమ్ము జారకుండా సన్నని పళ్లుంటాయి. ఫ్యూటాబా పద్ధతిలో 25, హైటెక్‌లో 24, సాన్వా, జేఆర్ వంటివాటిలో 23. మాది 25 పళ్లది. 360ని 25తో భాగించండి, 14.4 వస్తుంది. అంటే కొమ్మును ఒక్క పన్ను పక్కకు బిగిస్తే పద్నాలుగున్నర డిగ్రీల తేడా. మా అల్లుడు చేసింది సరిగ్గా అదే. ఆ తేడాను కప్పడానికి ట్రిమ్‌ను చివరికంటా తిప్పాడు. అప్పుడేమయిందంటే, సర్వోకు కుడివైపు ఉన్న తిరుగుడులో చాలా భాగం బండిని తిన్నగా నిలపడానికే ఖర్చయిపోయింది. కుడికి మలుపు తిప్పడానికి మిగిలింది కొంచెమే. ఎడమవైపు మాత్రం అక్కరకు మించి ఉంది. చక్రాలు ఇక తిరగలేని చోటికి చేరినా సర్వో ఇంకా నెడుతూనే ఉంటుంది, తుమ్మెదలా రొద చేస్తూ. ఆ రొద పాట కాదు. మోటారు వేడెక్కుతోందని అర్థం. అలా కాసేపు పట్టి ఉంచితే మాడిపోతుంది.

మా పెరట్లో చూశాం. ఎడమకు పూర్తిగా తిప్పితే బావి పళ్లెం చుట్టూ చక్కగా తిరిగింది. కుడికి తిప్పితే అరటిచెట్ల దాకా పోయి గోడను తాకబోయింది. "అది కుడివైపు సరిగా తిరగదు తాతయ్యా, దాని అలవాటు అంతే" అన్నాడు మనవడు. లోపాన్ని అలవాటనుకుని దానికి తగ్గట్టు తన ఆటను కుదించుకున్నాడు. కుడి మలుపులున్న దారి వాడు ఎంచుకోనే ఎంచుకోడట.

పని మొదలుపెట్టాం. నేను ముందుగా చేసిన తప్పు కూడా చెప్పాలి. విద్యుత్తు లేకుండానే కొమ్ము ఊడదీసి, కంటి అంచనాతో నిటారుగా పెట్టి బిగించేశాను. బ్యాటరీ పెట్టగానే సర్వో తన నడుమకు తాను పోయింది. కొమ్ము మళ్లీ పక్కకు ఒరిగింది. సర్వో ఎక్కడ ఆగి ఉందో కంటికి కనబడదు, దాని నడుమ దానికే తెలుసు. కాబట్టి క్రమం ఇది: కొమ్ము ఊడదీయాలి, ట్రిమ్‌ను సున్నకు తేవాలి, ముందు ట్రాన్స్‌మిటర్ వెలిగించి తరువాత బండి వెలిగించాలి, సర్వో తన నడుమ నిలిచాక అప్పుడు కొమ్ము తొడగాలి. కొమ్ముకూ కడ్డీకీ మధ్య కోణం మూలమట్టంలా ఉండాలి. ఆపేటప్పుడు ముందు బండి, తరువాత ట్రాన్స్‌మిటర్. ఈ వరసను మనవడి చేత మూడుసార్లు అప్పచెప్పించాను. పాత అలవాటు.

పళ్ల మధ్య దూరం 14.4 డిగ్రీలు కాబట్టి కొమ్ము ఎప్పుడూ అచ్చంగా నిటారుకు రాదు. మహా అయితే సగం పన్ను, అంటే 7.2 డిగ్రీల దాకా అటో ఇటో ఉండిపోవచ్చు. ఆ మిగులును కడ్డీ పొడవు మార్చి సరిచేయవచ్చు. ఖరీదైన ట్రాన్స్‌మిటర్లలో సబ్ ట్రిమ్ అనే మరొక సౌకర్యం ఉంటుంది, దానితోనూ సరిచేయవచ్చు. చివరకు మిగిలే వెంట్రుకవాసి తేడా కోసం ఉన్నది మామూలు ట్రిమ్. అల్లుడి ప్రశ్నకు ఇదే నా జవాబు. ట్రిమ్ ఇచ్చింది పన్ను తప్పిన కొమ్ము కోసం కాదు.

ఇంతచేసినా బండి ఇంకా కొంచెం ఎడమకే లాగింది. దోషం ఒకటే ఉంటుందని ఎవరు చెప్పారు? టై రాడ్లు విప్పి పక్కపక్కన పెట్టి స్కేలుతో కొలిచాం. ఎడమది కుడిదానికంటే 2 మిల్లీమీటర్లు పొట్టి. రెండు మిల్లీమీటర్లు ఎంత అనుకోకండి. చక్రాన్ని తిప్పే చేయి రెండు సెంటీమీటర్లే ఉన్నప్పుడు ఆ తేడాకు చక్రం దాదాపు ఆరు డిగ్రీలు తిరుగుతుంది. ఈ రాడ్డులో ఒక ముచ్చట ఉంది. ఒక చివర మరలు కుడిచేతివి, రెండో చివర ఎడమచేతివి. నడుమ పట్టుకుని ఒకవైపు తిప్పితే రెండు చివర్లూ ఒకేసారి బయటికి వస్తాయి, రెండోవైపు తిప్పితే ఒకేసారి లోపలికి పోతాయి. ఊడదీయకుండానే పొడవు మార్చవచ్చు. టర్న్‌బకిల్ అంటారు. ఎంత తెలివైన మనిషి కనిపెట్టాడో గాని, దాన్ని తిప్పుతూ మనవడు పావుగంట సేపు వేరే లోకంలో ఉన్నాడు.

ఇక్కడ మాటల సంగతి ఒకటి. మనలో తెలుగు పదాలు కూర్చే సరదా ఉన్నవారు చాలామంది కదా. స్టీరింగుకు ఏమందాం? చుక్కాని పడవది. పగ్గాలు ఎడ్లవి, గుర్రాలవి. సారథ్యం మనిషి చేసే పని, మరకు చెందినది కాదు. ట్రాక్టరు నడిపే రైతు దగ్గర నుంచి ఆటో తోలే కుర్రవాడి దాకా అందరూ స్టీరింగు అంటుంటే నేను కొత్త మాట కుట్టి ఎవరికి తొడగను? దాని జోలికి పోలేదు. కాని టో-ఇన్, టో-అవుట్ అనే రెండు మాటలకు మాత్రం చేయి ఊరుకోలేదు. పైనుంచి చూస్తే ముందు చక్రాల ముక్కులు ఒకదానివైపు ఒకటి తిరిగి ఉంటే టో-ఇన్, ఎడంగా తిరిగి ఉంటే టో-అవుట్. లోచూపు, వెలిచూపు అన్నాను. మనవడికి వెంటనే పట్టుబడ్డాయి. "అయితే మన ట్రక్కుకు ఎడమకన్ను వెలిచూపు తాతయ్యా" అన్నాడు. ముప్పై నాలుగేళ్ల పాఠాలలో ఇంత త్వరగా ఎక్కిన పాఠం లేదు. ఇంతకన్నా మంచి మాటలు మీకు తోస్తే చెప్పండి.

రాడ్లు సమానం చేశాక చూపు కొలవాలి. రెండు టైర్ల ముందు అంచుల మధ్య దూరం, వెనక అంచుల మధ్య దూరం కొలిస్తే చాలు. మా టైరు వ్యాసం 11 సెంటీమీటర్లు. ఒక్కొక్క చక్రం ఒక్క డిగ్రీ లోచూపు చూస్తే ముందు కొలత వెనక కొలతకంటే దాదాపు 4 మిల్లీమీటర్లు తక్కువ వస్తుంది. నేను అంత పెట్టాను. వెనక చక్రాలు తోసే బండిలో నేల ఒరిపిడికి ముందు చక్రాలు కొంచెం ఎడంగా విచ్చుకుంటాయి, కీళ్లలో ఉండే వదులు దానికి తోడవుతుంది. మొదటే కాస్త లోచూపు ఉంటే నడకలో తిన్నబడి బండి నిదానంగా పోతుంది. పందెం ఆడేవారు వెలిచూపు పెట్టుకుంటారు, మలుపు మొదట్లో చురుగ్గా తిరుగుతుందని. పదేళ్లవాడికి, అందులోనూ కాలువ గట్టు మీద, చురుకుదనం కంటే నిదానం మేలు.

మలుపు మాట వచ్చింది కాబట్టి అకర్‌మన్ లెక్క చెప్పకుండా ఉండలేను. బండి తిరిగేటప్పుడు లోపలి చక్రం చిన్న వలయంలో, బయటి చక్రం పెద్ద వలయంలో పోతాయి. రెండూ ఒకే కోణంలో తిరిగితే ఒకటి ఈడ్చుకుపోవలసిందే. మా ట్రక్కులో ముందు వెనక ఇరుసుల మధ్య 32 సెంటీమీటర్లు, ముందు చక్రాలు తిరిగే కీళ్ల మధ్య 24. ఆ కొలతలకు లోపలి చక్రం 30 డిగ్రీలు తిరిగితే బయటిది 22 తిరగడం సరిపోతుంది. బెల్‌క్రాంకులు, రాడ్లు ఉన్న కోణాలవల్ల ఈ తేడా దాదాపుగా దానంతట అదే వస్తుంది. ఈ ఏర్పాటును మ్యూనిక్ నగరంలో గుర్రపుబండ్లు చేసే లాంకెన్స్‌పెర్గర్ అనే ఆయన రూపొందించాడు. 1818లో లండన్‌లో పేటెంటు తీసుకున్నది ఆయన తరఫు ప్రతినిధి రుడాల్ఫ్ అకర్‌మన్. చేసినవాడి పేరు పోయి తెచ్చినవాడి పేరు నిలిచింది. వ్యాఖ్యాతల పేర్లతో కావ్యాలు చదువుకున్న మనకు ఇది వింత కాదు.

మన రెండెడ్ల బండికి ఈ బాధ లేదు. చక్రాలు రెండే, దేని తిరుగుడు దానిదే, దారి చూపేవి ఎడ్లు. గుడి రథానికి స్టీరింగే లేదు. చక్రాల కింద చెక్కదిమ్మెలు వేసి, తాళ్లు లాగేవారు ఒక పక్కకు ఒరిగి, మలుపు దగ్గర ఊరంతా ఊపిరి బిగబట్టి తిప్పుకుంటుంది. నాలుగు చక్రాలు, ముందు రెండూ తిరగాలి అన్నప్పుడే ఈ లెక్కలన్నీ పుట్టాయి.

సరిచేసిన బండిని పరీక్షించడంలో ఇంకొకసారి మోసపోయాను. వీధిలోని సిమెంటు రోడ్డు మీద వదిలితే పోయేటప్పుడూ ఎడమకే, తిరిగి వచ్చేటప్పుడూ ఎడమకే! నా పనితనం మీద నాకే అనుమానం వచ్చింది. అరగంట తరువాత తట్టింది. వాననీరు పోవడానికి రోడ్డును నడుమ ఎత్తుగా, అంచులకు వాలుగా పోస్తారు. మనం రెండు దిక్కులా ఎడమ పక్కనే నడిపిస్తాం. వాలు ఎప్పుడూ ఎడమకే ఉంటుంది. మరునాడు ఉన్నత పాఠశాల మైదానానికి వెళ్లాం. ఆటల పోటీలకు వేసిన సున్నపు గీత ఇంకా చెరగలేదు. ఒకే గీత మీద అటు ఒకసారి, ఇటు ఒకసారి వదలాలి. రెండుసార్లూ బండి తన ఎడమకే లాగితే దోషం బండిది. రెండుసార్లూ ఒకే దిక్కుకు, తూర్పుకో పడమరకో పోతే దోషం నేలది.

ఇంకొక పరీక్ష. పూర్తిగా ఎడమకు తిప్పి వదిలాక బండి తిన్నగా పోతుందా, పూర్తిగా కుడికి తిప్పి వదిలాక కూడా అలాగే పోతుందా చూడాలి. రెండుసార్లూ రెండు రకాలుగా పోతే ఆ బండికి రెండు నడుములున్నట్టు. ఎక్కడో కీలు వదులైంది, లేదా మట్టి పట్టి బిగుసుకుంది, లేదా దెబ్బ తగిలినప్పుడు సర్వోను కాపాడే సర్వో సేవర్ స్ప్రింగు మెత్తబడింది. ప్రపంచంలోని ఏ ట్రిమ్మూ దీన్ని సరిచేయలేదు. ఒక నడుమకు సరిపెడితే రెండోది చెడుతుంది. మా దానిలో బెల్‌క్రాంకు దగ్గర కాలువ మట్టి చేరింది. పాత టూత్‌బ్రష్షుతో వదిలించాం. చక్రం ఇరుసు చుట్టూ ఒక పొడవాటి వెంట్రుక కూడా చుట్టుకుని ఉంది. మా అమ్మాయిది అయి ఉంటుంది.

జైరో అనే పరికరం పెడితే బండి ఎటు జారినా అదే పట్టి తిన్నగా నిలుపుతుందని మా అల్లుడి స్నేహితుడు సలహా ఇచ్చాడు. మంచి పరికరమే. కాని వంకర రాడ్డు మీద పెట్టిన జైరో ఆ వంకరతో రోజంతా పోట్లాడుతూనే ఉంటుంది, సర్వోకు నిద్ర ఉండదు. నడుమ దగ్గర చేతి కదలికను మెత్తబరిచే ఎక్స్‌పొనెన్షియల్ అమరిక కూడా అంతే. సైకిలు రిమ్ముకు బెండు తీసేవాడు ఏం చేస్తాడు? చక్రం గిర్రున తిప్పి, రిమ్ము పక్కన సుద్దముక్క పట్టుకుని, గీత పడిన చోట పుల్లలు బిగించి వదులుతాడు. హ్యాండిలు వంచి ఇచ్చి, ఇక తిన్నగా పోతుంది తొక్కుకో బాబూ అనడు. ఒక్క ఎండ్ పాయింట్ అమరికను మాత్రం నేను తప్పనిసరి అంటాను. చక్రం ఆగే చోటికి చేరకముందే సర్వోను ఆపేది అదే. ఆ తుమ్మెద రొద వినిపించనంత వరకు రెండువైపులా తగ్గించుకోవాలి. మా ట్రాన్స్‌మిటర్‌లో దానికి వీలు లేదు. ఉన్న డ్యుయల్ రేటు నాబుతో రెండువైపులా కలిపి కొంచెం తగ్గించాను.

"బొమ్మకు ఇంత శాస్త్రమా?" అని మా ఆవిడ అడిగింది. మీరూ అడుగుతారు. జవాబుగా ఒక పాత సంగతి చెబుతాను. ఇది నేను ఎక్కువమందికి చెప్పుకోలేదు.

1994లో నాకు తొమ్మిదో తరగతిలో ఒక కుర్రవాడు ఉండేవాడు. పొడగరి కాబట్టి వెనక బెంచీలో కూర్చోబెట్టాను. నల్లబల్ల మీద నేను ధ రాస్తే వాడు ద రాసేవాడు, ఘ రాస్తే ప రాసేవాడు. వత్తులు సగం ఎగిరిపోయేవి. అశ్రద్ధ అనుకున్నాను. తప్పు రాసిన ప్రతి మాటనూ వందసార్లు రాయించాను. వాడు రాసుకొచ్చేవాడు. కొన్నాళ్లకు తప్పులు తగ్గాయి. నా శిక్షణ ఫలించిందని మురిసిపోయాను. ఆ ఏడు చివర బడికి కంటి పరీక్షలు చేసేవారు వచ్చినప్పుడు బయటపడింది, వాడికి బల్ల మీది అక్షరాలు కనబడవని. తప్పులు తగ్గడానికి కారణం పక్కవాడి పుస్తకం చూసి రాసుకోవడం. ఏడాదంతా నేను తిప్పింది ట్రిమ్ నాబు. కళ్లజోడు వచ్చాక వాడిని మొదటి బెంచీలోకి పిలిచాను. రానన్నాడు. "నాకు తెలుగు రాదు కదండీ మాస్టారూ" అన్నాడు, ఇది అందరికీ తెలిసిన విషయమేనన్నట్టు మామూలుగా.

కాలువ గట్టు మీద మనవడి నోట అటువంటి మాటే వినబడినప్పుడు నేను పంచె ఎగగట్టుకుని బురదలోకి దిగింది ట్రక్కు కోసమే కాదు. రాడ్డు రెండు మిల్లీమీటర్లు పొట్టి అని తేలిన క్షణంలో వాణ్ని పిలిచి, రెండు రాడ్లూ వాడి అరచేతిలో పెట్టి, స్కేలు ఇచ్చి, వాడి చేతనే కొలిపించాను. రెండుసార్లు కొలిచాడు. తరువాత వాళ్ల నాన్నకు తానే ఫోను చేసి చెప్పాడు. అల్లుడు ఫోనులో చాలాసేపు ఏమీ అనలేదట. మరునాడు నాకు ఫోను చేసి, కొమ్ము ఎలా పెట్టాలో మొదటి నుంచి చెప్పమన్నాడు. కాగితం తీసుకుని రాసుకున్నాడని మా అమ్మాయి చెప్పింది.

ఇక మైదానం. అంతా సరిచేశాక, ట్రిమ్ సున్న దగ్గర ఉంచి, సున్నపు గీత మీద బండిని నేను వదిలితే గీత పట్టుకుని పోయింది. నా ఆనందం చెప్పనలవి కాదు. తరువాత ట్రాన్స్‌మిటర్ వాడికిచ్చాను. పది గజాలు పోయి, బండి కుడికి తిరిగి, కబడ్డీ ఆడుతున్న పిల్లల మధ్యకు దూరింది. మళ్లీ వదిలాడు, మళ్లీ కుడికే. వాడు నా వైపు చూశాడు. నేను వాడి చేతివైపు చూశాను. వేళ్లు చక్రాన్ని కుడికి నొక్కి పట్టుకునే ఉన్నాయి, అయిదు నెలలుగా పట్టుకున్నట్టే.

దీనికి స్క్రూడ్రైవరు లేదు. రోజూ సాయంత్రం వెళ్లాం. "చక్రం వదిలెయ్యి నాన్నా, అదే పోతుంది" అంటాను. వదలాలని ఉంటుంది, వదలలేడు. మూడో రోజు సగం దూరం పోయింది. అయిదో రోజు గీత చివర ఉన్న వేపచెట్టు దాకా పోయి ఆగింది. దగ్గరికి వెళ్లి చూశాను. వాడి చూపుడువేలు అప్పటికీ కుడివైపుకే కొంచెం వంగి ఉంది. చక్రాన్ని మాత్రం తాకడం లేదు.